110 కిలోమీటర్లు, 25 నిమిషాలు, మధ్యలో ఒక్క రోడ్డూ లేదు

ఈరోజు ఎపిసోడ్ రెండు ఎయిర్‌పోర్టుల గురించి. వాటి మధ్య విమాన దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు, ఆ రెండు అంకెల వెనకాల ఉన్న కథేంటి. మొదటి ఎయిర్‌పోర్టు పేరు లాంగియర్‌బీన్. రెండోది న్యీ-ఓలెసుండ్. నోరు తిరగడం లేదా? పర్లేదు, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. మన వరదయ్యపాళెం, భీములవారిపాళెం పేర్లు వాళ్లని పలకమంటే వాళ్ల తిప్పలూ ఇంతే.

ఈ రెండూ నార్వే దేశం కింద ఉన్న స్వాల్‌బార్డ్ అనే దీవుల్లో ఉన్నాయి. ఫోన్లో మ్యాప్ తీసి యూరప్ మీద నుంచి పైపైకి జరుపుకుంటూ పోండి. నార్వే అయిపోతుంది, సముద్రం వస్తుంది, ఇంకేమీ లేదులే అనుకునే టైమ్‌కి తెల్లగా కొన్ని దీవులు కనిపిస్తాయి. అవే. న్యీ-ఓలెసుండ్ నుంచి ఉత్తర ధ్రువం దాదాపు 1,200 కిలోమీటర్లే. చలికాలంలో నాలుగు నెలల దగ్గర దగ్గర సూర్యుడే కనపడడు. ఊరు దాటి నడవాలంటే ధ్రువపు ఎలుగుబంట్ల భయానికి తుపాకీ వెంట పెట్టుకుని వెళ్తారు.

"అన్నా, తడలో కూర్చుని ఆ మంచు ఊళ్లు మనకెందుకు" అంటారేమో. రెండు కారణాలు. ఒకటి, ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిరిగే చిన్న విమానంలో ఏటా మన ఇండియా సైంటిస్టులు కూడా ఎక్కుతున్నారు. రెండోది చివర్లో చెప్తాను. అది మన పులికాట్ సరస్సులోనే ఉంది.

ముందు లెక్క చూద్దాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసినా లెక్క కట్టే అలవాటు వదల్లేదు నన్ను. లాంగియర్‌బీన్ ఎయిర్‌పోర్టు సుమారు 78.25 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 15.47 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది. న్యీ-ఓలెసుండ్ రన్‌వే 78.93 ఉత్తరం, 11.87 తూర్పు. అంటే అక్షాంశంలో తేడా ఒక డిగ్రీ కూడా లేదు, 0.68. రేఖాంశంలో తేడా మాత్రం 3.6 డిగ్రీలు.

ఇప్పుడు ఒక ప్రశ్న. 3.6 డిగ్రీలు అంటే ఎన్ని కిలోమీటర్లు? మన తడ దగ్గర ఒక రేఖాంశానికీ పక్క రేఖాంశానికీ మధ్య దూరం సుమారు 108 కిలోమీటర్లు. ఆ లెక్కన 3.6 డిగ్రీలంటే దాదాపు 390 కిలోమీటర్లు. కానీ స్వాల్‌బార్డ్ దగ్గర అదే ఒక్క డిగ్రీ 22 కిలోమీటర్లకి కుంచించుకుపోతుంది. ఎందుకంటే రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర ఒకే చుక్కలో కలవాలి. బత్తాయి తొనలు చూడండి, మధ్యలో లావుగా ఉంటాయి, కొన దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోతాయి. భూమి కూడా అంతే. కాబట్టి అక్కడ 3.6 డిగ్రీలంటే 79 కిలోమీటర్లే. ఉత్తరానికి ఇంకో 76 కిలోమీటర్లు కలిపి ఏటవాలుగా లెక్క కడితే, రెండు రన్‌వేల మధ్య గాల్లో దూరం దాదాపు 110 కిలోమీటర్లు.

మ్యాప్ చూస్తే ఈ సంగతి అర్థం కాదు. ఫోన్లో మనం చూసే చదును మ్యాప్ ధ్రువాల దగ్గర భూమిని సాగదీసి చూపిస్తుంది. గ్రీన్‌లాండ్ చూస్తే మన దేశానికి ఎన్నో రెట్లు ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి గ్రీన్‌లాండ్ దాదాపు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇండియా 32.9 లక్షలు. మనమే పెద్ద. అందుకే ఉత్తరాది ఊళ్ల దూరాలు మ్యాప్ మీద వేలు పెట్టి కొలవకూడదు, లెక్క కట్టాలి.

ఇదే లెక్క మన దగ్గర వేద్దాం. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి రేణిగుంటలో ఉన్న తిరుపతి ఎయిర్‌పోర్టుకి గాల్లో దూరం ఎంత? దాదాపు 98 కిలోమీటర్లు. చూశారా, ఇంచుమించు అదే దూరం! ఈ రెండు ఊళ్ల మధ్య మనకి ఎన్ని దారులు? పుత్తూరు మీదుగా రోడ్డుంది. తడ దాకా హైవే మీద వచ్చి వరదయ్యపాళెం, శ్రీకాళహస్తి మీదుగా వెళ్లే దారుంది. అరక్కోణం, రేణిగుంట మీదుగా రైలుంది. బస్సు తప్పిపోతే ఇంకో బస్సు. మూడు గంటలో, నాలుగు గంటలో, మొత్తానికి పోయి చేరతాం.

లాంగియర్‌బీన్, న్యీ-ఓలెసుండ్ మధ్య ఎన్ని రోడ్లు? సున్నా. స్వాల్‌బార్డ్‌లో ఊరి లోపల రోడ్లుంటాయి గానీ ఊరికీ ఊరికీ మధ్య రోడ్డే లేదు. మధ్యలో మంచు నదులు, కొండలు, సముద్రపు పాయలు. ఎండాకాలంలో పడవ మీద వెళ్లొచ్చు, చలికాలంలో స్నో స్కూటర్ మీద సాహసం చేయొచ్చు. ఏడాది పొడవునా నడిచే దారి మాత్రం ఒక్కటే. ఏళ్ల తరబడి ఆ దారిలో తిరిగిన విమానం డోర్నియర్ 228 అనే రెండు పంకాల చిన్న విమానం. న్యీ-ఓలెసుండ్ రన్‌వే కంకర రన్‌వే, పొడవు 800 మీటర్ల పైచిలుకు. పెద్ద విమానం దిగే ప్రసక్తే లేదు. కాలాన్ని బట్టి వారానికి రెండు నుంచి నాలుగు సర్వీసులు. ఎగిరితే ప్రయాణం 25 నిమిషాల లోపే. ఎగరకపోతే? మబ్బు తేలేదాకా, గాలి తగ్గేదాకా కూర్చోవడమే. ఒక రోజు కావచ్చు, ఇంకో రోజు కూడా కావచ్చు.

కాబట్టి "ఎంతసేపు" అన్న ప్రశ్నకి అక్కడ రెండు జవాబులున్నాయి. గడియారం చెప్పేది 25 నిమిషాలు. వాతావరణం చెప్పేది ఎవరికీ తెలీదు.

ఇక చరిత్రలోకి వెళ్దాం. అసలు అంత చలిలో ఊరెందుకు పెట్టారు? బొగ్గు కోసం. అమెరికా వ్యాపారి జాన్ మన్రో లాంగియర్ కంపెనీ 1906లో అక్కడ గనులు మొదలుపెట్టింది. ఆయన పేరు మీదే లాంగియర్‌బీన్. 'బీన్' అంటే వాళ్ల భాషలో ఊరు, మన 'పేట' లాగా అనుకోండి. న్యీ-ఓలెసుండ్ కూడా బొగ్గు ఊరే. 'న్యీ' అంటే కొత్త. నార్వేలో ఓలెసుండ్ అనే పట్నం ఉంది, దాని పేరుకి కొత్త అని తగిలించారు. పాతూరు పక్కన కొత్తూరు పుట్టినట్టే.

ఇక్కడో విచిత్రం. న్యీ-ఓలెసుండ్‌కి ఎయిర్‌పోర్టు రాకముందే విమానాల చరిత్రలో పేరొచ్చింది. 1926 మే 11న రోల్డ్ అముండ్‌సెన్, ఉంబెర్టో నోబిలే, లింకన్ ఎల్స్‌వర్త్ బృందం 'నోర్గే' అనే గాలి ఓడలో ఇక్కడి నుంచే బయల్దేరింది. మరుసటి రోజు ఉత్తర ధ్రువం మీదుగా సాగి, చివరికి అలాస్కాలో టెల్లర్ అనే చోట దిగింది. ఆ గాలి ఓడని కట్టేసిన ఇనుప స్తంభం ఈరోజుకీ ఆ ఊళ్లో నిలబడే ఉంది. ధ్రువం దాటి ఇంకో ఖండానికి దారి దొరికింది గానీ, పక్కనే 110 కిలోమీటర్లలో ఉన్న ఊరికి రోజువారీ దారి మాత్రం అప్పటికింకా లేదు.

దారి లేకపోతే ఏమవుతుందో లాంగియర్‌బీన్ జనానికి బాగా తెలుసు. ఒకప్పుడు చలికాలం మొదలైతే సముద్రం గడ్డకట్టి ఓడలు వచ్చేవి కావు. మళ్లీ ఎండలొచ్చేదాకా, అంటే కొన్ని నెలల పాటు బయటి లోకంతో రాకపోకలు బంద్. ఉత్తరాలు కూడా విమానం మీద నుంచి పారాచూట్‌తో జారవిడిచిన రోజులున్నాయి. 1959 ఫిబ్రవరిలో ఒక గని కార్మికుడికి ప్రాణం మీదికొచ్చింది. అప్పుడు నార్వే వైమానిక దళానికి చెందిన కాటలీనా విమానం ఊరి పక్క లోయలో గడ్డకట్టిన నేల మీద దిగి అతన్ని తీసుకెళ్లింది. రన్‌వే కాదది, గడ్డకట్టిన లోయ.

మరి వెంటనే ఎయిర్‌పోర్టు కట్టేశారా? లేదు. శీతల యుద్ధం రోజులు అవి. స్వాల్‌బార్డ్‌లో సోవియట్ యూనియన్ గనులు కూడా ఉన్నాయి. నార్వే ఏమో నాటో సభ్య దేశం. ఆ దీవులని యుద్ధ అవసరాలకి వాడకూడదని 1920 నాటి ఒప్పందం ఉంది. ఎయిర్‌పోర్టు కడితే సైనిక స్థావరం అవుతుందేమో అన్న అనుమానం అడ్డొచ్చింది. మాటలు కుదిరి, పని జరిగి, చివరికి 1975లో లాంగియర్‌బీన్ ఎయిర్‌పోర్టు తెరుచుకుంది. అదీ ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మీద. పైపొర కరిగితే రన్‌వే కుంగుతుంది, మళ్లీ సరిచేయాలి. మనం వానాకాలంలో గుంతలు పూడుస్తాం, వాళ్లు ఎండాకాలంలో పూడుస్తారు.

ఒక్క ఎయిర్‌పోర్టుతో ఏం మారిందో లెక్కలో చూడండి. లాంగియర్‌బీన్ నుంచి నార్వేలోని ట్రోమ్సో దాదాపు 960 కిలోమీటర్లు. ఓస్లో 2,000 కిలోమీటర్ల పైనే. ఇంతకుముందు చలికాలమంతా అందని ఓస్లో ఇప్పుడు మూడు గంటలు. భూమి ఒక్క అంగుళం కూడా జరగలేదు. కిలోమీటర్లు అవే. మారింది టైమ్ మాత్రమే. నెలలు కాస్తా గంటలయ్యాయి.

అంతా సాఫీగా జరిగిందని మాత్రం అనుకోకండి. 1996 ఆగస్టు 29న మాస్కో నుంచి వచ్చిన టుపొలెవ్ విమానం లాంగియర్‌బీన్‌లో దిగబోతూ ఓపెరా అనే కొండని ఢీకొట్టింది. 141 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. వాళ్లలో ఎక్కువ మంది గని కార్మికులు, వాళ్ల కుటుంబాల వాళ్లు. దూరపు ఊరి ప్రయాణంలో ప్రతి నిమిషానికీ ఒక ధర ఉంటుంది.

న్యీ-ఓలెసుండ్ దారి ఇంకోలా తిరిగింది. 1962 నవంబర్‌లో అక్కడి గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ గని ప్రభుత్వానిది. ఆ గొడవ ముదిరి 1963లో నార్వే ప్రధాని గెర్హార్డ్‌సెన్ ప్రభుత్వమే పడిపోయింది. గని మూతపడింది. బొగ్గు ఊరు కాస్తా మెల్లగా సైన్స్ ఊరైంది. ఇప్పుడక్కడ ఎన్నో దేశాల పరిశోధన కేంద్రాలున్నాయి. అందులో ఒకటి మనది. దాని పేరు హిమాద్రి.

ఆ 1920 ఒప్పందం గురించి చెప్పాను కదా. పారిస్‌లో సంతకాలైన ఆ ఒప్పందంలో ఇండియా కూడా ఉంది. మనకి స్వాతంత్ర్యం లేదు, బ్రిటిష్ వాళ్ల తరఫున పడ్డ సంతకం అది. మన వాళ్లని ఎవరూ అడిగి పెట్టింది కాదు. కానీ ఆ కాగితం పుణ్యమా అని స్వాల్‌బార్డ్‌తో మన దేశానికి వందేళ్ల కిందటే చట్టపరమైన బంధం ఏర్పడింది. 2007లో మన సైంటిస్టుల మొదటి ఆర్కిటిక్ యాత్ర జరిగింది. 2008 జూలై 1న న్యీ-ఓలెసుండ్‌లో హిమాద్రి మొదలైంది. 2014లో ఆ ఊరి పక్కనున్న సముద్రపు పాయలో 'ఇండ్‌ఆర్క్' అనే పరికరాల వరసని నీళ్లలో దించారు. 2023 డిసెంబర్ నుంచి చీకటి నెలల్లో కూడా మన వాళ్లు అక్కడ ఉండి పనిచేసే కార్యక్రమం మొదలైంది.

అంత దూరం పోయి ఏం చేస్తారు? మంచు ఎంత కరుగుతోంది, సముద్రం ఎంత వేడెక్కుతోంది, గాలిలో ఏముంది, ఇవన్నీ కొలుస్తారు. ఆర్కిటిక్ వాతావరణానికీ మన రుతుపవనాలకీ సంబంధం ఏమిటన్నది వాళ్లు తేల్చాలనుకుంటున్న పెద్ద ప్రశ్నల్లో ఒకటి. వాన చుక్క కోసం ఆకాశం వైపు చూసే రాయలసీమ రైతుకి ఆ ప్రశ్న దూరపుదేమీ కాదు.

ఇప్పుడు ఇంకో అంకె చెప్తాను, ఆశ్చర్యపోతారు. చెన్నై నుంచి లండన్ గాల్లో నేరుగా దాదాపు 8,200 కిలోమీటర్లు. చెన్నై నుంచి లాంగియర్‌బీన్ ఎంత? దాదాపు 8,000 కిలోమీటర్లు. అవును, ధ్రువం పక్కనున్న ఆ ఊరు మనకి లండన్ కన్నా దగ్గర! లండన్ ఎగ్గిరిపోతే పది పదకొండు గంటల్లో దిగిపోవచ్చు. లాంగియర్‌బీన్‌కి మాత్రం ముందు ఢిల్లీయో ఇంకోటో, అక్కడి నుంచి యూరప్, ఆపై ఓస్లో, కొన్నిసార్లు ట్రోమ్సో, తర్వాత లాంగియర్‌బీన్, చివరికి ఆ చిన్న విమానం. మధ్యలో ఎక్కడో ఒక రాత్రి నిద్ర. దగ్గరున్న ఊరికి ఎక్కువ టైమ్, దూరం ఉన్న ఊరికి తక్కువ టైమ్. ఎందుకు? లండన్‌కి జనం వెళ్తారు, వ్యాపారం ఉంది, కాబట్టి విమానం ఉంది.

ఆ చివరి విమానం గురించి ఒక మాట. డోర్నియర్ 228 పుట్టింది జర్మనీలో. కానీ 1980ల నుంచి ఆ మోడల్‌ని లైసెన్స్ తీసుకుని మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కాన్పూర్‌లో తయారుచేస్తోంది. మన కోస్ట్‌గార్డ్ వాళ్లు సముద్రం మీద గస్తీ తిప్పేది ఇదే రకం విమానం. మన తీరం మీద ఎగిరేదీ, ధ్రువం దగ్గర ఎగిరేదీ ఒకే కుటుంబం. చిన్న రన్‌వే మీద దిగగలగడమే దాని గొప్పతనం.

ఇంకో తెలుగు సంబంధం కూడా ఉంది. లాంగియర్‌బీన్ ఎయిర్‌పోర్టుకి దగ్గర్లోనే కొండ లోపల ప్రపంచ విత్తన భాండాగారం ఉంది, 2008 ఫిబ్రవరిలో తెరిచారు. ఎక్కడైనా యుద్ధమొచ్చి, వరదొచ్చి విత్తనాలు నాశనమైతే ఇక్కడ దాచినవి పనికొస్తాయి. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిసాట్ అక్కడికి లక్షకి పైగా నమూనాలు పంపి దాచింది. జొన్న, సజ్జ, కంది, శనగ, మన సీమ శనక్కాయ కూడా అందులో పంటలే. అంటే మనం పోకపోయినా మన గింజలు పోయి ఆ మంచు కొండలో కూర్చున్నాయి.

సరే, 25 నిమిషాల్లో 110 కిలోమీటర్లు అన్నాం కదా. దాదాపు అంతే టైమ్‌లో ఇంకోటి ఎంత దూరం పోతుందో చూడండి. మన పక్కనే శ్రీహరికోట. అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లే ఉపగ్రహాల్లో చాలావరకు ధ్రువాల పక్కగా తిరిగేవే. ఒక చుట్టుకి సుమారు 100 నిమిషాలు. ఆ లెక్కన తడ ఉన్న అక్షాంశం దాటిన ఉపగ్రహం న్యీ-ఓలెసుండ్ ఉన్న అక్షాంశానికి చేరడానికి పట్టేది 19 నిమిషాలే. డోర్నియర్ ఆ ఊరి నుంచి ఈ ఊరికి పోయేలోపు ఉపగ్రహం తడ నుంచి ఆర్కిటిక్‌కి పోయేస్తుంది. లాంగియర్‌బీన్ పక్క కొండ మీద ఉపగ్రహాల సిగ్నళ్లు పట్టే పెద్ద పెద్ద యాంటెన్నాల కేంద్రం ఎందుకు పెట్టారంటే ఇదే కారణం. ధ్రువాల పక్కగా తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ అక్కడ కనిపిస్తుంది.

అయితే అంత స్పీడున్న రాకెట్‌కి కూడా తిన్నని దారి దొరకలేదు. శ్రీహరికోట నుంచి నేరుగా దక్షిణానికి వదిలితే మధ్యలో శ్రీలంక. జనం నెత్తిన రాకెట్ ముక్కలు పడకూడదు. అందుకే పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, తర్వాత గాల్లోనే దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో ఇంధనం ఖర్చు, మోసే బరువు తగ్గుతుంది. పెద్ద రాకెట్‌కి ఆ నష్టం తట్టుకోవచ్చు, చిన్న రాకెట్‌కి కష్టం. అందుకే తమిళనాడు దక్షిణ కొసన కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం రెండో కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి అయితే శ్రీలంక అడ్డం రాదు. చూడండి, రాకెట్‌కి కూడా దూరం ఒక్కటే లెక్క కాదు, మధ్యలో ఏముంది అన్నదే అసలు లెక్క.

శ్రీహరికోట దాకా వచ్చాం కాబట్టి ఇక మన ఇంటికి వచ్చేద్దాం. మొదట్లో రెండో కారణం చివర్లో చెప్తానన్నాను, అది ఇదే.

తడ నుంచి మద్రాసుకి ఒకప్పుడు ఎంతసేపు? హైవే లేని రోజుల్లో సరుకు పోయే దారి నీళ్ల దారి. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ పని 1806లో మొదలై, మెల్లగా పులికాట్ దాకా, ఆపైన ఉత్తరానికి పెరిగింది. 1876-78 కరువులో పనికి వచ్చిన జనంతో మద్రాసు లోపల మిగిలిన ముక్కని తవ్వించారు. అదే బకింగ్‌హామ్ కాలువ. శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిలకి పోయింది పడవల మీదే. 1899లో గూడూరు, మద్రాసు మధ్య రైలు మార్గం వచ్చింది. పడవకి రోజులు పట్టే దూరం రైలుకి గంటలైంది. కాలువ మెల్లగా వెనకబడింది. తర్వాత తుపాన్లకి దెబ్బతిని చాలాచోట్ల పూడిపోయింది. ఇప్పుడు తడలో బండెక్కితే చెన్నై శివార్లకి గంటా గంటన్నర.

మన సరస్సు అవతల శ్రీహరికోట కథ ఇంకోలా ఉంది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. దానికోసం సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యలోంచి రోడ్డు వేశారు. అప్పటిదాకా పడవ దారి, ఆ తర్వాత అరగంట. ఆ అరగంటకి కూడా ధర ఉంది. తరతరాలుగా ఆ దీవిలో బతికిన యానాది కుటుంబాలు చాలా వరకు ఊళ్లు వదిలి రావాల్సి వచ్చింది. సరస్సుని రోడ్డు రెండుగా చీల్చి నీటి రాకపోకలకి అడ్డమైందని పర్యావరణం చదివినవాళ్లు చెప్తూనే ఉన్నారు.

ఇక అదే సరస్సులో, అదే తడ మండలంలో, ఇరకం అనే దీవి ఉంది. చేపలు పట్టి బతికే జనం. భీములవారిపాళెం రేవుకి వచ్చి పడవ ఎక్కితేనే ఇరకం. తరతరాలుగా ఆ దీవికి దారి పడవే. గాల్లో చూస్తే కొద్ది కిలోమీటర్లు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ఇరకంలో నిలబడి చూడొచ్చు. ఆ రాకెట్ మోసుకెళ్లిన ఉపగ్రహం 19 నిమిషాల్లో ఆర్కిటిక్ చేరుతుంది. అదే 19 నిమిషాల్లో ఇరకంలో నొప్పులొచ్చిన ఆడమనిషి ఎక్కడిదాకా చేరుతుంది? గాలి ఎటుందో, నీళ్లు ఎంతున్నాయో, ఆ రాత్రి పడవ నడిపే మనిషి దొరికాడో లేదో, వాటి మీద ఉంది జవాబు.

ఇక్కడ స్వాల్‌బార్డ్ నుంచి నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది. "అక్కడ పుట్టడం, చావడం చట్టప్రకారం నిషేధం" అని రీల్స్ తిరుగుతుంటాయి. అలాంటి చట్టమేమీ లేదు. అసలు సంగతేంటంటే, లాంగియర్‌బీన్‌లో ఆస్పత్రి చిన్నది. అందుకని కాన్పుకి సుమారు మూడు వారాల ముందే గర్భిణుల్ని నార్వే ప్రధాన భూభాగానికి వెళ్లమంటారు. నొప్పులొచ్చాక విమానం కోసం చూడరు. ప్రమాదమొస్తే వెళ్లడానికి హెలికాప్టర్లు సిద్ధంగా ఉంటాయి. అంటే వాళ్లు కిలోమీటర్లని నమ్ముకోలేదు. విమానం ఎగరని రోజు కూడా ఉంటుందని ముందే ఒప్పుకుని, దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకున్నారు.

ఆ కార్మికుడి కోసం లోయలో విమానం దిగింది 1959లో. ఎయిర్‌పోర్టు వచ్చింది 1975లో. ఆ మధ్య పదహారేళ్లు వాదనలు, అనుమానాలు, చర్చలు. అన్నీ అయ్యాక ఒక నిర్ణయం జరిగింది, నెలలు గంటలయ్యాయి. మన శ్రీహరికోటకి కూడా ఒక నిర్ణయం జరిగింది, రోడ్డు పడింది. ఇరకం కూడా అదే నీళ్లలో ఉంది. తేడా నీళ్లలో లేదు. ఎవరి అవసరం కోసం నిర్ణయం తీసుకున్నారు అన్నదాంట్లో ఉంది. రోడ్డే వేయాలని నేననను, సరస్సుకి ఇంకో గోడ కట్టమనీ అనను. రాత్రి పూట కూడా నమ్మకంగా నడిచే మంచి పడవ, రేవులో ఎప్పుడూ సిద్ధంగా ఉండే అంబులెన్స్, కాన్పుకి ముందే ఒడ్డున ఉండడానికి ఒక గది. ఇవి రాకెట్ సైన్స్ కావు. రాకెట్ సైన్స్ మన పక్క దీవిలోనే అయిపోయింది కదా.

మన ఊళ్లలో పెద్దవాళ్లని "ఫలానా ఊరు ఎంత దూరం నాయనా" అని అడిగితే కిలోమీటర్లు చెప్పరు. "అరగంట పడుతుంది", "పొద్దున పోతే మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు" అంటారు. సరైన లెక్క అదే. కిలోమీటర్లు భూమి ఇచ్చినవి, వాటిని మనం మార్చలేం. నిమిషాలు మాత్రం మనుషులు చేసినవి.

ఈ వారం మీరు కూడా ఒక పని చేయండి. మీ ఊరి నుంచి దగ్గరి పెద్దాస్పత్రికి మ్యాప్‌లో ఎన్ని కిలోమీటర్లో చూడండి. తర్వాత మీ అమ్మనో, నాయనమ్మనో అడగండి, వర్షం పడ్డ అర్ధరాత్రి అక్కడికి చేరడానికి ఎంతసేపు పట్టిందని. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్ వాటితోనే చేద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.